ఫైబర్ కనెక్షన్ బాగుంది, దానితో వచ్చిన కాపలా బాగాలేదు: బెంగళూరు నుంచి ఒక సమీక్ష

బెంగళూరులో కాడుగోడి దగ్గర మేము ఉంటున్న అపార్ట్‌మెంట్లలో సగానికి పైగా తెలుగు కుటుంబాలే. కొత్తగా అద్దెకు దిగిన ప్రతివారూ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మొదట అడిగేది పాలవాడి నంబరు, తరువాత అడిగేది ఏ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోవాలన్నది. మా బ్లాకులో ఎక్కువమంది వాడుతున్న ఫైబర్ సేవను నేను కూడా చాలాకాలంగా వాడుతున్నాను కనుక, అడిగినవారికి విడివిడిగా చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాయడం మేలనిపించింది. సంస్థ పేరు రాయడం లేదు. నేను తప్పుపట్టబోతున్న నియమం ఆ ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు. ఈ ఊళ్లో కనెక్షన్లు అమ్మే చాలా సంస్థల షరతుల పత్రాల్లో అది ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. చందాదారు ఇంటర్నెట్‌లో ఏం చేస్తున్నాడో సంస్థ గమనించవచ్చుననీ, పైరసీ చేసినట్టు ఎవరైనా ఫిర్యాదు చేస్తే కనెక్షన్ తీసేయవచ్చుననీ దాని సారాంశం.

ముందుగా సేవ నాణ్యత సంగతి త్వరగా చెప్పేస్తాను. మాది 200 ఎంబీపీఎస్ ప్లాను. నెలకు 849 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే వెయ్యి దాటుతుంది. పగటిపూట చెప్పిన వేగం చెప్పినట్టే వస్తుంది, రాత్రి తొమ్మిది తరువాత కొంచెం తగ్గుతుంది, ఆఫీసు వీడియో కాల్స్‌కు ఇబ్బంది లేదు. నెలకు 3,300 జీబీ పరిమితిని మా ఇంట్లో ఎప్పుడూ తాకలేదు. వానాకాలంలోనూ, కాలువల పేరిట రోడ్డు తవ్విన ప్రతిసారీ ఫైబర్ తెగుతుంది. తెగిన లైను మరునాడు మధ్యాహ్నానికల్లా అతుకుతారు. చెట్ల కొమ్మల మీదుగా తీగలు వేలాడే ఈ ఊళ్లో అంతకంటే ఎక్కువ ఆశించడం అత్యాశే. ఇక్కడితో ఆపితే నాలుగు నక్షత్రాలు ఇవ్వవలసిన సేవ ఇది.

గత దసరా సెలవుల తరువాత ఆ సంస్థ నుంచి నాకు ఒక ఈమెయిల్, దాని వెనుకే ఒక ఎస్ఎంఎస్ వచ్చాయి. నా కనెక్షన్ నుంచి ఒక ఇంగ్లీషు సినిమాను టారెంట్ పద్ధతిలో పంచినట్టు, ఆ సినిమా హక్కుదారుల తరఫున పనిచేసే విదేశీ ఏజెన్సీ ఒకటి ఫిర్యాదు చేసిందట. ఫైలు పేరు, ఒక ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), తేదీ, 19:40 అనే సమయం అందులో ఉన్నాయి. రెండో ఫిర్యాదు వస్తే వేగం తగ్గిస్తామనీ, మూడోది వస్తే కనెక్షన్ నిలిపివేస్తామనీ రాశారు. ఏడు రోజుల్లోగా హామీపత్రం నింపి పంపాలన్నారు. ఆ పత్రంలో ఉన్నది ఒకే ఒక వాక్యం: ఇకమీదట ఇలాంటి పని చేయను. నేను ఆ పని చేయలేదు అని రాసే చోటు ఎక్కడా లేదు. అదే ఈమెయిల్ అడుగున, నెలకు మరికొంత చెల్లిస్తే ఇన్ని ఓటీటీలు చూడవచ్చునంటూ రంగురంగుల ప్రకటన ఒకటి. నేరారోపణనూ వ్యాపార ప్రకటననూ ఒకే కాగితం మీద అచ్చువేసిన ఆ చాకచక్యాన్ని మాత్రం మెచ్చుకోకుండా ఉండలేకపోయాను.

ఇలాంటి ఫిర్యాదు ఎలా పుడుతుందో తెలిస్తే తప్ప దాని విలువ అర్థం కాదు. టారెంట్‌లో ఒక ఫైలును దించుకుంటున్నవారే తమ దగ్గరకు చేరిన ముక్కలను ఇతరులకు పంచుతుంటారు. ఏజెన్సీ కూడా ఆ గుంపులో చేరి, అక్కడ కనిపించిన ఐపీ అడ్రస్‌లను సమయంతో సహా నమోదు చేసుకుంటుంది. ఆ అడ్రస్ ఏ సంస్థదో చూసి ఆ సంస్థకు ఫిర్యాదు పంపుతుంది. అంతవరకు దాని చేతిలో ఉన్నది అడ్రస్ మాత్రమే, మనిషి కాదు. ఆ అడ్రస్‌ను ఒక ఇంటికీ ఒక పేరుకీ ముడిపెట్టవలసింది ఇంటర్నెట్ సంస్థ, పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉన్నది కూడా సరిగ్గా ఆ మెట్టు దగ్గరే.

పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు ప్రపంచమంతటా కొరత పడటం వల్ల, మన దేశంలో చాలా సంస్థలు ఒకే అడ్రస్‌ను అనేక ఇళ్లకు ఏకకాలంలో పంచుతున్నాయి. ఏ ఇంటి సమాచారం ఏదో పోర్టు నంబరును, అంటే ఆ అడ్రస్‌తో పాటు ఉండే అదనపు సంఖ్యను, బట్టి మాత్రమే విడదీయగలరు. పోర్టు నంబరు లేని ఫిర్యాదు, ఫ్లాట్ నంబరు రాయకుండా అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే రాసి పంపిన ఉత్తరం లాంటిది. వాచ్‌మన్ దాన్ని ఎవరి తలుపు దగ్గర పడేస్తే వారిదే అవుతుంది. నాకు వచ్చిన నోటీసులో పోర్టు నంబరు లేదు.

ఈ విషయం నేను గ్రూపులో ప్రస్తావించాకే అసలు సంగతి బయటపడింది. మా బ్లాకులోనూ పక్క బ్లాకులోనూ మరికొన్ని ఇళ్లకు అదే ఫైలు పేరుతో, అదే సమయంతో నోటీసులు వచ్చాయి. వారిలో నెల్లూరు జిల్లాలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన ఒక మాస్టారు, ఆయన భార్య ఉన్నారు. వారి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నది అమెరికాలోని మనవరాలితో వీడియోలో మాట్లాడటానికీ, పొద్దున్నే తిరుమల సుప్రభాతం వినడానికీ. ఆయన ఆ హామీపత్రాన్ని సంతకం చేసి పంపేశారు కూడా. "పోలీసులదాకా ఎందుకులే బాబూ, చేయనని రాస్తే పోయేదేముంది?" అన్నారు నాతో. పోయేది ఉంది. ఆయన చేయని పనిని చేసినట్టు ఒప్పుకున్న కాగితం ఇప్పుడు ఆ సంస్థ దగ్గర ఉంది, రెండో నోటీసు వచ్చిననాడు ఆయన పాత నేరస్తుడు అవుతాడు.

సమయం సంగతి మరీ విచిత్రం. విదేశీ ఏజెన్సీలు తమ ఫిర్యాదుల్లో సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాయడం పరిపాటి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే నోటీసులోని 19:40 మనకు ఆ అర్ధరాత్రి దాటాక ఒంటిగంట పది నిమిషాలు. ఆ రాత్రి పది గంటల ప్రాంతంలో మా వీధిలో జేసీబీ ఫైబర్‌ను తెంపేసింది. మరునాటి వరకు మా వరుసలో ఎవరికీ ఇంటర్నెట్ లేదు. ఆ సంగతి ఫిర్యాదు చేసినందుకు అదే సంస్థ ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య నా ఫోనులో ఉంది. లైను లేదని సంస్థే రాసి ఇచ్చిన గంటలో, ఆ లైను మీదుగా సినిమా పంచానని ఆ సంస్థే ఆరోపించిందన్నమాట.

ఇలాంటిది ప్రపంచంలో మొదటిసారి ఏమీ కాదు. ఐర్లండ్‌లో ఎయిర్‌కామ్ అనే సంస్థ, సంగీత కంపెనీలతో కుదిరిన ఒప్పందం ప్రకారం మూడు హెచ్చరికల తరువాత కనెక్షన్ తీసేసే పద్ధతి మొదలుపెట్టింది. 2010లో శీతాకాలపు సమయమార్పును దాని సర్వర్ల గడియారాలు పట్టించుకోకపోవడం వల్ల, సంబంధం లేని వందల మంది చందాదారులకు హెచ్చరికలు వెళ్లాయి. అక్కడ తేడా ఒక్క గంట, ఇక్కడ యూటీసీని మన సమయంగా చదివితే ఐదున్నర గంటలు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదట హిందీలోనూ తరువాత కన్నడంలోనూ మాట్లాడిన అమ్మాయి, నా ఉచ్చారణ విని తెలుగులోకి మారి, "సార్, సిస్టమ్‌లో మీ పేరే చూపిస్తోంది సార్, అండర్‌టేకింగ్ పంపించేయండి సార్, క్లోజ్ చేసేస్తాం" అని చాలా మర్యాదగా చెప్పింది. ఆధారం ఏమిటని అడిగితే అది తమ విభాగం పని కాదంది. తెగిన లైను చూడటానికి వచ్చే కుర్రాడిది హిందూపురం దగ్గర ఊరు. అతన్ని అడిగితే, "మాకేం తెలుస్తాదన్నా, కనెక్షన్ ఆపమని మెసేజ్ వస్తే ఆపుతాం, ఇయ్యమంటే ఇస్తాం" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చందాదారు ఎవరితో వాదించాలో తెలియకుండా ఉండటమే ఈ ఏర్పాటులోని పెద్ద లోపం. ఒక చిన్న విషయం కూడా ఇక్కడ గుర్తుకొస్తుంది: ఈ సంస్థకు మా ప్రాంతంలో తీగలు లాగే భాగస్వాములు చాలావరకు పాత కేబుల్ టీవీ ఆపరేటర్లే. కొత్త సినిమా విడుదలైన వారం తిరక్కుండానే లోకల్ ఛానల్లో వేసిన చరిత్ర మన ఊళ్లలో ఆ వ్యాపారానికే ఉంది. ఇప్పుడు పైరసీ మీద నీతి నోటీసులు అదే తీగల మీదుగా వస్తున్నాయి.

టెలికాం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఫిర్యాదు కేంద్రం పైన ఒక అప్పీలు అధికారి ఉండాలి. ఈ మార్గం ఉన్నట్టు ఆ సంస్థ యాప్‌లో వెతికితే తప్ప కనపడదు. లైను తెగిన ఫిర్యాదు సంఖ్యనూ, యూటీసీ లెక్కనూ, పోర్టు నంబరు లేదన్న అంశాన్నీ జతచేసి అప్పీలు చేశాను. కొన్ని వారాల తరువాత వచ్చిన జవాబులో, ఆ సమయంలో ఆ అడ్రస్‌ను వాడుతున్న చందాదారులందరికీ సమాచార నిమిత్తం నోటీసు పంపామనీ, నా విషయంలో దాన్ని ఉపసంహరించుకుంటున్నామనీ రాశారు. క్షమాపణ లేదు. మాస్టారి హామీపత్రం గురించి ఏమీ లేదు. ఆయన తరఫున మరో అప్పీలు రాయవలసి వచ్చింది.

ఇంతకూ ఇంటర్నెట్ సంస్థ ఈ కాపలా ఎందుకు కాస్తోంది? చట్టం కాయమన్నదా? నేను చదివినంతలో అలా అనలేదు. సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ ప్రకారం, ఎవరు ఎవరికి ఏం పంపాలో తాను నిర్ణయించకుండా, మధ్యలో మార్పులు చేయకుండా, తగిన జాగ్రత్తలు పాటిస్తూ సమాచారాన్ని చేరవేసే సంస్థకు, దానిలోని విషయానికి బాధ్యత ఉండదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఇలా చేరవేసే మధ్యవర్తి సంస్థకు అక్రమ విషయం గురించి ‘తెలిసింది’ అనడానికి కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో ఉండాలని వివరించింది. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ, ప్రసార ప్రక్రియలో తాత్కాలికంగా నిలిచే నకలును ఉల్లంఘన కాదంది. 2021 ఐటీ నియమాల్లో మాత్రం, నిబంధనలు పాటించకపోతే సేవను ఆపే హక్కు సంస్థకు ఉంటుందని వాడుకదారులకు ఎప్పటికప్పుడు తెలియజేయాలని ఉంది. సంస్థల షరతుల పత్రాలు ఈ వాక్యాన్నే ఆసరాగా చూపుతాయి. కానీ హక్కు ఉందని తెలియజేయమనడం వేరు, ఎక్కడో ఒక ఏజెన్సీ ఈమెయిల్ పంపితే విచారణ లేకుండా ఆ హక్కును వాడమనడం వేరు.

కోర్టు చెప్పిన వెబ్‌సైటును మూయడంలో నాకు అభ్యంతరం లేదు. అది సంస్థ విధి, దానికి ఒక న్యాయమూర్తి బాధ్యత వహిస్తారు. అక్కడ కూడా గంపగుత్త పద్ధతి ఎలాంటి అనర్థాలు తెస్తుందో పొరుగున ఉన్న మద్రాసు హైకోర్టు అనుభవమే చెబుతుంది. 2012లో ‘3’ అనే తమిళ సినిమా నిర్మాతలు తెచ్చుకున్న ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ సంస్థలు, విమియో, డైలీమోషన్ వంటి చట్టబద్ధమైన సైట్లను కూడా మొత్తంగా మూసేశాయి. ఉత్తర్వు ఫలానా లింకులకే వర్తిస్తుందని ఆ జూన్ నెలలో కోర్టే వివరించవలసి వచ్చింది. 2017 ఆగస్టులో రెండు హిందీ సినిమాల కోసం అదే కోర్టు నుంచి వెలువడిన ఉత్తర్వుల జాబితాలో వేల సైట్ల మధ్య ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఇరుక్కుంది. పాత వెబ్‌పేజీలనూ పుస్తకాలనూ భద్రపరిచే గ్రంథాలయం అది. మన తెలుగు పాత పత్రికల స్కాన్ ప్రతుల కోసం నేను తరచూ వెళ్లే చోటు కూడా అదే.

బాంబే హైకోర్టులో న్యాయమూర్తి గౌతమ్ పటేల్ 2016లో ‘డిష్యూం’ సినిమా కేసులో మరో దారి పట్టారు. సైట్లనన్నిటినీ ఒక్క వేటున మూయమన్న అభ్యర్థనను ఒప్పుకోక, ఒక్కో లింకునూ సరిచూసి ప్రమాణపత్రం దాఖలు చేయమన్నారు. ఆ కేసులోనే, మూసిన పేజీల స్థానంలో సంస్థలు పెట్టిన హెచ్చరిక పైరసీ ప్రతిని చూడటమే జైలుశిక్ష పడే నేరమన్నట్టు ఉండగా, చూడటం దానంతటది నేరం కాదనీ, అనుమతి లేకుండా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం వంటివి నేరమనీ స్పష్టం చేశారు. ఇంటర్నెట్ సంస్థను పోలీసుగా నిలబెడితే, అది చట్టంలో లేని నేరాన్ని కూడా తన పేజీలో సృష్టించగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే నా వాదనకు ఎదురుగా ఉన్న తీర్పును దాచడం భావ్యం కాదు. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు యూటీవీ కేసులో, మూసిన పైరసీ సైటు కొత్త పేరుతో మళ్లీ పుట్టుకొస్తే ప్రతిసారీ కొత్త కేసు అక్కరలేకుండా అదే ఉత్తర్వును విస్తరించే వీలు కల్పించింది. ఆ తీర్పు చివరలో, పైరసీ చూసేవారికి ఈమెయిల్ ద్వారానో తెరమీద సందేశం ద్వారానో హెచ్చరిక పంపి, వినకపోతే జరిమానా వేసే విధానాన్ని ప్రభుత్వం పరిశీలించాలని కూడా సూచించింది. నాకు వచ్చిన నోటీసు మూలభావన అచ్చంగా అదే. కానీ కోర్టు అడిగింది ప్రభుత్వం ఒక విధానం ఆలోచించమని. విధానమంటే ఆధారం ఎలా ఉండాలో, చందాదారు జవాబు ఎవరు వినాలో, పొరపాటు జరిగితే ఎవరు బాధ్యులో రాసి ఉండాలి. ఒక ప్రైవేటు కంపెనీ తన షరతుల పత్రంలో నాలుగు వాక్యాలు రాసుకుని, తానే పోలీసు, తానే జడ్జి, తానే అమలు అధికారి కావడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

పై దేశాలు ఈ ప్రయోగాన్ని మనకంటే ముందే చేసి చూశాయి. ఫ్రాన్స్ 2009లో హడోపి అనే సంస్థను ఏర్పరచి, మూడుసార్లు దొరికినవారి ఇంటర్నెట్ కోసేసే చట్టం చేయగా, ఆ దేశ రాజ్యాంగ మండలి ఆ జూన్‌లోనే అడ్డుపడింది: ఇంటర్నెట్ అందుబాటు భావప్రకటన స్వేచ్ఛలో భాగం, దాన్ని తీసే అధికారం న్యాయమూర్తికి తప్ప మరొకరికి ఉండరాదంది. కోర్టు దారిలోకి మార్చిన తరువాత కూడా ఆ శిక్ష నిలవలేదు, 2013లో కనెక్షన్ కోత రద్దయింది. అమెరికాలో పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు స్వచ్ఛందంగా నడిపిన ఆరు హెచ్చరికల పద్ధతి 2013లో మొదలై 2017 జనవరిలో మూతపడింది. ఆస్ట్రేలియాలో సినిమా కంపెనీలు ఐఐనెట్ అనే సంస్థపై వేసిన దావాలో, చందాదారుల టారెంట్ పైరసీకి సంస్థ బాధ్యత లేదని 2012లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. ఐరోపా న్యాయస్థానం 2011లో, చందాదారులందరి రాకపోకలనూ నిరంతరం వడపోయమని సంస్థను ఆదేశించరాదంది.

సంస్థలు భయపడటానికి కారణం లేకపోలేదు. అమెరికాలో కాక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ, పదేపదే ఫిర్యాదులు వచ్చిన చందాదారులను తొలగించలేదన్న అభియోగం మీద, సంగీత కంపెనీలకు వంద కోట్ల డాలర్లు చెల్లించాలని 2019లో జ్యూరీ నిర్ణయించింది. 2024లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసినా, ఆ అంకె విన్న ఏ కంపెనీ న్యాయవాది అయినా ముందుజాగ్రత్తగా చందాదారు మీదికే బరువు తోసేస్తాడు. కాడుగోడిలో మాస్టారి సంతకం మీద ఆ జాగ్రత్త నీడ నాకు కనిపించింది.

ఇదంతా రాస్తున్నందుకు నేను పైరసీని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. మా గ్రూపులోనే ఆ అభిప్రాయం ఉన్నవారు కొందరున్నారు. టికెట్ ధరలు అంతంత పెంచితే జనం ఏం చేస్తారని వారి వాదన. మల్టీప్లెక్సులో నలుగురి కుటుంబం తెలుగు సినిమా చూసి పాప్‌కార్న్ కొంటే అయ్యే ఖర్చు నాకూ తెలుసు. అయినా ఖరీదెక్కువన్నది దొంగతనానికి సమర్థన కాదు. సినిమా తీసినవారి నష్టం నిజమైనది. 2013లో ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా విడుదలకు ముందే బయటకు వచ్చి కృష్ణా జిల్లా పెడనలో సీడీలుగా అమ్ముడుపోతే, నిర్మాత హడావుడిగా విడుదల తేదీని ముందుకు జరపవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ పైరసీ ప్రతిని ఏకంగా ఆర్టీసీ బస్సులో వేశారు. ఈ రెండు ఉదంతాల్లోనూ ఎవరో ఒక గృహస్థు ఇంటర్నెట్ లైనును గమనిస్తే ఆగిపోయేది ఏమీ లేదు. మొదటిదానిలో లీకు సినిమా పనిలో ఉన్నవారి చేతుల మీదుగానే మొదలైంది.

పైరసీని ఎదుర్కొనే చట్టాలకూ కొదవలేదు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అక్రమంగా రికార్డు చేసినవారికీ ప్రదర్శించినవారికీ మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, మూడు లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో ఐదు శాతం వరకు జరిమానా ఉంది. కర్ణాటక ప్రభుత్వమైతే 2014లోనే తన గూండాల చట్టంలోకి డిజిటల్ నేరస్తులను కూడా చేర్చింది. అది మరీ మితిమీరిన చట్టమని నా అభిప్రాయం, కానీ కోరలు లేవని మాత్రం ఎవరూ అనలేరు. తెలుగు ప్రేక్షకుల్లో లక్షలమందికి పరిచయమైన ఐబొమ్మ సైటును నడిపినట్టు ఆరోపణ ఉన్న వ్యక్తిని 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు, ఆ వెంటనే సైటు మూతపడింది. కేసు తేలవలసింది కోర్టులో. పోలీసులు వెతికింది నడిపేవాడి కోసం, దానికోసం చూసినవారి ఇళ్లన్నిటికీ నోటీసులు పంపలేదు. దర్యాప్తు చేసే అధికారం ఉన్నవారు దర్యాప్తు చేస్తే ఏం జరుగుతుందో అది చూపింది.

ఈ ఊరి పరిస్థితి కూడా లెక్కలోకి రావాలి. మారతహళ్లి, మున్నేకొలాల, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల పీజీల్లో ఒక్క కనెక్షన్ మీద ముప్ఫై నలభై మంది మన పిల్లలు ఉంటారు. కనెక్షన్ యజమాని పేరున ఉంటుంది, వైఫై పాస్‌వర్డ్ గోడ మీద అంటించి ఉంటుంది. వారిలో ఒకడు టారెంట్ పెడితే నోటీసు యజమానికి వస్తుంది, శిక్షగా లైను ఆగితే మిగిలినవారి ఉద్యోగపు ఇంటర్వ్యూలు, ఆన్‌లైన్ పరీక్షలు ఆగుతాయి. ఇంటి నుంచి పనిచేసే ఊళ్లో ఇంటర్నెట్ కోయడం జీతం కోయడంతో సమానం. 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో, ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకూ వృత్తి వ్యాపారాలకూ రాజ్యాంగ రక్షణ ఉందని సుప్రీంకోర్టు అన్నది ప్రభుత్వాన్ని ఉద్దేశించే కావచ్చు. కానీ ప్రభుత్వమే తగిన కారణం చూపకుండా ఆపకూడని దాన్ని, ఒక కంపెనీ ఈమెయిల్‌ను చూసి ఆపగలగడం నాకు మింగుడుపడదు.

సంస్థ నిజంగా కాపలా కాయాలంటే అందరి రాకపోకలనూ తెరిచి చూడాలి, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దాని గురించే. 2015లో ఈ బెంగళూరులోనే ఒక ఇంజినీరు, తన మొబైల్ ఇంటర్నెట్ సంస్థ తాను చూసే వెబ్‌పేజీల మధ్యలోకి సొంత కోడ్‌ను చొప్పిస్తోందని కనిపెట్టి బయటపెట్టాడు. ఇక్కడి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీకి చెందిన పరిశోధకులు కొన్నేళ్ల తరువాత దేశంలోని పెద్ద సంస్థలను పరీక్షించి చూస్తే, ఏ సైటును మూయాలన్న దానిలో ఒక్కో సంస్థ జాబితా ఒక్కో రకంగా ఉంది, మూసే పద్ధతి కూడా ఒక్కో రకంగా ఉంది. ఉత్తర్వులను అమలు చేయడంలోనే ఇంత గందరగోళం ఉన్నవారికి, ఉత్తర్వు లేని నిఘా అప్పగించడం ఎలా?

ఇక కొనాలా వద్దా అన్న ప్రశ్న. ఈ సేవను తీసుకోవద్దని చెప్పలేను. మా ప్రాంతంలో దీనికంటే నిలకడగా పనిచేసేది నాకు కనపడలేదు. వేగానికి నాలుగు నక్షత్రాలు, మరమ్మతులకు మూడు, చందాదారుతో వ్యవహరించిన తీరుకు ఒకటి. ఆ ఒకటి కూడా అప్పీలు అధికారి చివరికి లెక్క చూసినందుకు. తీసుకోబోయేవారు వేగం, ధరలతో పాటు మూడు విషయాలు అడగండి: మూడోవారి ఫిర్యాదు మీద కనెక్షన్ ఆపుతారా, ఆపేముందు పోర్టు నంబరుతో సహా ఆధారం చూపుతారా, అప్పీలు తేలేదాకా లైను ఉంచుతారా. అమ్మడానికి వచ్చిన కుర్రాడికి జవాబులు తెలియకపోవచ్చు, ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటీసు వస్తే కంగారుపడి హామీపత్రం మీద సంతకం చేయకండి. అందులోని సమయానికి ఐదున్నర గంటలు కలిపి చూసుకోండి, రూటర్ పాస్‌వర్డ్ మార్చండి, ఇంట్లో పిల్లలను నిదానంగా అడగండి, లైను తెగినప్పుడల్లా వచ్చే ఫిర్యాదు సంఖ్యల ఎస్ఎంఎస్‌లను చెరిపేయకండి.

నేను మాత్రం ఈసారి రెండు నెలలు ఉచితమని ఆశపెట్టిన ఏడాది ప్లానును వదిలి, నెలవారీ ప్లానుకే డబ్బు కట్టాను. మాస్టారి హామీపత్రాన్ని రికార్డు నుంచి తీసేశామని రాతపూర్వకంగా వచ్చేదాకా అలాగే కడతాను.